మధుర దారి

నేడు హైదరాబాదున విమానమెక్కినవాడు సుమారు 820 కిలోమీటర్ల ఆకాశమార్గమును గంటన్నర ప్రాంతమున గడచి మధురలో దిగుచున్నాడు. కోయంబత్తూరు ఇంకను చేరువ, 700 కిలోమీటర్లు. తెలుగుసీమకును ఆ నగరములకును నడుమనున్న యెడమును మన పూర్వులు గంటలతో గాక మజిలీలతో కొలిచిరి.

పదునాలుగవ శతాబ్దమున విజయనగర రాజకుమారుడు కుమార కంపరాయలు మధుర సుల్తానులపై దండెత్తినపుడు సేన తిన్నగా మధురకు పోలేదు. తొండైమండలమున శంబువరాయలను జయించి, కంచిలో నిలిచి, ఆపైన దక్షిణమునకు కదలినది. ఆ జైత్రయాత్రనే ఆయన దేవి గంగాదేవి సంస్కృతమున 'మధురావిజయము'గా రచించినది. విజయనగర రాజధానియైన హంపీకిని మధురకును తిన్నని గీత గీచినచో 630 కిలోమీటర్లు. కనుమలును ఏరులును దాటుచు దినమునకు రెండామడలు, అనగా పదునారు మైళ్లు, నడచుటయే గొప్పయైన బరువుబండికి ఆ దారి నెలకు తక్కువ పట్టదు. ఇంత దూరపుసీమను ఉత్తరువులు పంపి యేలుట సాధ్యమా? 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధుర నేలుటకును, సీమను 72 పాళెములుగా పంచుటకును ఈ దూరమే ప్రధానకారణమని నా తలంపు.

సేనవెంట నడచిన రైతుకుటుంబముల పయనము వేరు. వారికి చేరవలసిన నగరమొకటి లేదు. బావి త్రవ్విన నీరు పడుచోట, ప్రత్తికి తగిన నల్లరేగడి కనబడినచోట నాగలి దింపిరి. కోవిల్‌పట్టి పరిసరములందును, కోయంబత్తూరు సీమయందును తెలుగుపల్లెలు వెలసినది ఇట్లే. ఒక తరము ఆగినచోటినుండి వేరొక తరము ముందునకు సాగినది. ఆ వలసనే తెలుగింట పుట్టి తమిళమున వ్రాసిన కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామము' నవలగా 1976లో వెలువరించెను.

మనుమని పక్షమున 1689 మొదలు 1706 వరకు మధుర రాజ్యమేలిన రాణీ మంగమ్మ బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రములు కట్టించి బాటసారుల శ్రమను తగ్గించినది. ఆమె పేరిటి సత్రము మధురలో నేటికిని కలదు. 1875లో రైలు మధురను చేరినది. 1920లో కోయంబత్తూరు సీమవాడైన జి.డి. నాయుడు పొళ్లాచ్చి నుండి పళనికి బస్సు నడిపెను.

1932 అక్టోబరులో కరాచీ నుండి మద్రాసుకు టాటాల తపాలా విమానము ఎగిరినపుడు దాని మజిలీలలో బళ్లారి యొకటి. హంపీ శిథిలములు అచటికి చేరువనే యున్నవి. 1940లో కోయంబత్తూరు విమానాశ్రయము వెలసినది తెలుగు రైతుల పాతకాపురమైన పీళమేటి చెంతనే. అచటి వృద్ధులలో తమ వంశమువారు ఏ యేటి నెచట దాటిరో, ఏ యూళ్ల నాగిరో చెప్పగలవారు ఇంకను ఉన్నచో, వారి నోటిమాటను ఊరిపేర్లతో సహా ఇప్పుడే వ్రాసికొనవలెను. విమానపు తిన్నని గీతలో ఆ యూళ్లేవియు లేవు.