బెస్సీ స్మిత్ మరణవార్త: జాతి, జెండర్, సహానుభూతి

1937 నవంబరులో అమెరికన్ సంగీత పత్రిక ‘డౌన్ బీట్’ ఒక వార్తను ప్రశ్నరూపంలో ప్రచురించింది. ప్రసిద్ధ బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ వైద్యసహాయం అందక, రక్తస్రావంతో మరణించిందా అన్నది ఆ ప్రశ్న సారాంశం. వార్త రాసిన జాన్ హామండ్ సంపన్న శ్వేతజాతి కుటుంబంలో పుట్టి, నల్లజాతి సంగీతాన్ని ప్రచారంలోకి తేవడానికి కృషి చేసిన విమర్శకుడు, రికార్డు నిర్మాత. 1933లో బెస్సీ చివరి రికార్డింగులు చేయించింది ఇతడే. శీర్షికలోని ప్రశ్నార్థకం పాఠకుల జ్ఞాపకంలో ఎంతోకాలం నిలవలేదు. శ్వేతజాతీయుల ఆసుపత్రి చేర్చుకోనందువల్లే ఆమె చనిపోయిందన్న కథనం మూడు దశాబ్దాలకు పైగా చరిత్రగా చలామణి అయింది. దానిని నమ్మినవారిలో చాలామంది బెస్సీ మీద ప్రేమ, వర్ణవివక్ష మీద ఆగ్రహం ఉన్నవారే. ఆ సహానుభూతి ఆమెను ఏ రూపంలో నిలిపిందన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

ముందుగా జరిగినది చూడాలి. 1937 సెప్టెంబరు 26 తెల్లవారుజామున, మెంఫిస్ నుంచి క్లార్క్స్‌డేల్ వెళ్ళే 61వ నంబరు రహదారిపై బెస్సీ ప్రయాణిస్తున్న కారు ఒక ట్రక్కును ఢీకొంది. ఆమె కుడిచేయి మోచేతి దగ్గర దాదాపుగా తెగిపోయింది. చేపలవేటకు పోతూ ఆ దారిన వచ్చిన హ్యూ స్మిత్ అనే శ్వేతజాతి వైద్యుడు ప్రథమచికిత్స చేశాడు. అంబులెన్సు ఆమెను క్లార్క్స్‌డేల్‌లోని నల్లవారి ఆసుపత్రికి చేర్చింది. అక్కడ చేయి తొలగించారు. ఆ ఉదయమే ఆమె మరణించింది. క్రిస్ ఆల్బర్ట్‌సన్ 1972లో ప్రచురించిన బెస్సీ జీవితచరిత్రలో ఆ వైద్యుడి కథనం ఉంది. తాను వినికిడి మీద ఆధారపడి రాశానని హామండ్ కూడా ఆల్బర్ట్‌సన్‌తో ఒప్పుకున్నాడు.

అంటే ఏ ఆసుపత్రీ ఆమెను తిప్పిపంపలేదు. అయితే హ్యూ స్మిత్ చెప్పిన మరొక మాటను ఈ వివాదంలో తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. మిసిసిపీ డెల్టాలో నల్లజాతి మనిషిని తెల్లవారి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలన్న ఆలోచనే ఏ అంబులెన్సు డ్రైవరుకూ రాదని అతడన్నాడు. నిరాకరణ జరగవలసిన అవసరమే లేనంత సంపూర్ణమైన వివక్ష అది. వార్తకు ఒక సంఘటన కావాలి. తలుపు మూసిన చేయి కనిపిస్తే అది వార్త అవుతుంది; ఎవరూ తట్టడానికి కూడా సాహసించని తలుపును గురించి పత్రికలో రాయడం కష్టం. హామండ్ వ్యవస్థను సంఘటనగా మార్చాడు. దానితో పాఠకుడి కోపానికి దోషి దొరికాడు. రోజూ కొనసాగే ఏర్పాటు మాత్రం కథ వెనక్కి వెళ్ళింది.

కథనం నమ్మదగినదిగా తోచడానికి కారణం లేకపోలేదు. 1931 నవంబరులో ఫిస్క్ విశ్వవిద్యాలయంలో విద్యార్థినుల డీన్‌గా ఉన్న జూలియెట్ డెరికాట్ జార్జియాలోని డాల్టన్ దగ్గర కారు ప్రమాదంలో గాయపడింది. అక్కడి ఆసుపత్రిలో నల్లవారికి ప్రవేశం లేదు. చివరకు చాటనూగాకు తరలించగా అక్కడ మరణించింది. నల్లజాతి సమాజం ఈ ఘటనను మరచిపోలేదు. కనుక బెస్సీ కథనాన్ని కేవలం అబద్ధమని కొట్టివేయడం తొందరపాటు. అటువంటి మరణాలు జరిగాయి. బెస్సీ మరణం అటువంటిది కాదు.

వాస్తవం కొంత అటూ ఇటూ అయినా ఉద్దేశం మంచిదే గదా అని వాదించవచ్చు. జెండర్ దృష్టితో చూసినప్పుడు ఈ వాదం నిలవదు. 1920లో మేమీ స్మిత్ రికార్డు విజయవంతం కావడంతో కంపెనీలు నల్లజాతి శ్రోతల కోసం ‘రేస్ రికార్డ్స్’ పేరుతో ప్రత్యేక విభాగాలను తెరిచాయి. నల్లజాతి పత్రికలలో వాటి ప్రకటనలు విస్తారంగా వచ్చేవి. 1923లో కొలంబియా విడుదల చేసిన బెస్సీ తొలి రికార్డు లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. ఆమె పాటలలో స్త్రీ ఉత్తమపురుషలో మాట్లాడుతుంది: దెబ్బలు తింటుంది, తిరగబడుతుంది, ఊరు విడిచి వెళుతుంది, తన కోరికను దాచుకోదు. ఏంజెలా డేవిస్ 1998లో ఈ పాటలను శ్రామిక నల్లజాతి స్త్రీల చైతన్యానికి ఆకరంగా చదివింది. 1927 ఫిబ్రవరిలో రికార్డయిన ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’ను, కొద్దినెలలకే వచ్చిన మిసిసిపీ మహావరద బాధితులు తమ పాటగానే విన్నారు. మన ఆలంకారికులు సాధారణీకరణం అన్న వ్యాపారం వంటిదేదో ఇక్కడ జరిగింది. పాటలోని ‘నేను’లోకి శ్రోత ప్రవేశిస్తాడు. మరణవార్తలో ఆ ‘నేను’ లేదు. రక్తమోడుతున్న ‘ఆమె’ ఉంది. పాఠకుడు బయట నిలబడి చూస్తాడు. తెలుగులో దళిత, స్త్రీవాద సాహిత్య చర్చలు సానుభూతికీ స్వానుభవానికీ మధ్య గీసిన గీతను ఎరిగినవారికి ఈ తేడా కొత్త కాదు.

బెస్సీ 1925లో తన బృందం ప్రయాణాల కోసం సొంత రైలుపెట్టెను సమకూర్చుకుంది. నల్లవారికి వసతి దొరకని ఊళ్ళలో బృందం అందులోనే తిని, పడుకునేది. వివక్షను ఇంత ఆచరణాత్మకంగా ఎదుర్కొన్న యజమానురాలు, మరణానంతరం ఒక తలుపు ముందు నిస్సహాయగా పడివున్న దేహంగా మిగిలింది. ఎడ్వర్డ్ ఆల్బీ నాటకం ‘ది డెత్ ఆఫ్ బెస్సీ స్మిత్’ 1960లో పశ్చిమ బెర్లిన్‌లో మొదట ప్రదర్శితమైంది. అందులో ప్రధానపాత్ర ఒక శ్వేతజాతి నర్సు. బెస్సీ రంగస్థలం మీదికి రానేరాదు. శ్వేతసమాజపు అంతరాత్మను పరీక్షించడానికి ఆమె మరణం ఉపయోగపడింది. ఆమె గొంతుకు అక్కడ చోటు లేకపోయింది.

ఫిలడెల్ఫియాలో ఆమె అంత్యక్రియలకు వేలమంది వచ్చారు. అయినా సమాధిపై 1970 వరకు పేరు చెక్కిన రాయి లేదు. ఆ ఏడాది రాతికైన ఖర్చును ఇద్దరు స్త్రీలు పంచుకున్నారు. ఒకరు రాక్ గాయని జానిస్ జోప్లిన్. రెండవ వ్యక్తి వానీటా గ్రీన్, బాల్యంలో బెస్సీ ఇంట నేల తుడిచిన నల్లజాతి స్త్రీ. గ్రీన్ చిన్నతనంలో ఒక పోటీలో పాడగా విన్న బెస్సీ, పాట మాని బడికి పొమ్మని ఆమెకు చెప్పిందట.