ఇంట్లో ఎగిరే విమానం

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నా వద్ద నుంచి నాగార్జునసాగర్ ఎడమ కాలువ చరిత్రే వస్తుందని మిత్రులు అనుకొని ఉంటారు. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో ఆ కాలువ పనుల మీదనే నా సర్వీసు గడిచింది కనుక అలా అనుకోవడం సహజమే. అయితే నేను వ్రాయబోయేది ఇంట్లో కంప్యూటర్ మీద ఎగిరే చిన్న విమానాల గురించి. చివరకు కాలువ దగ్గరకే వస్తాను. అంతవరకు కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

గత వేసవి సెలవులలో సూర్యాపేటలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ఇంటర్ చదువుతున్న మనుమడు కంప్యూటర్ ముందు కూర్చొని విమానం నడుపుతున్నాడు. వీడియో గేమ్ అనుకొని మందలించబోయాను. "ఆట కాదు తాతా, జర కూసోని చూడు" అన్నాడు. కూర్చున్నాను. ఆ కూర్చోవడం సెలవులు అయ్యేదాకా సాగింది.

దీనిని ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. నేల మీదనే ఉండి విమానం నడిపిన అనుభవం కలిగించే సాధనం ఇది. దీని పుట్టుక కంప్యూటర్ కంటే పాతది. అమెరికాలో బింగ్‌హామ్‌టన్ అనే ఊరిలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు ఉండేవాడు. తండ్రికి ఆర్గన్ వాద్యాల కార్ఖానా. మన హార్మోనియంలో మాదిరే ఆ వాద్యాలలోనూ గాలి తిత్తులుంటాయి. 1920ల చివర లింక్ ఆ తిత్తులనే వాడి, కూర్చున్నవాని చేతి కదలికను బట్టి అటూ ఇటూ ఒరిగే చిన్న విమానం తయారు చేశాడు. మొదట్లో దానిని వినోదశాలల వారే ఎక్కువగా కొన్నారు. 1934లో అమెరికా సైన్యం విమానాలలో టపా మోయడం మొదలుపెట్టగా, మబ్బులోనూ చీకటిలోనూ దారి తెలియక కొద్ది వారాలలోనే పలువురు పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు గాని సైన్యం వారు లింక్ యంత్రాలు ఆరు కొనలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో లక్షల మంది పైలట్లు వాటి మీదనే తర్ఫీదు పొందారు.

ఇళ్ళలోకి ఈ విద్య తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఇంజనీరు. 1980లో ఆయన ఆపిల్ కంప్యూటర్‌కు ఒక ప్రోగ్రామ్ చేశాడు. అందులో నేల, కొండలు అన్నీ గీతలే. 1982లో మైక్రోసాఫ్ట్ వారి పేరుతో మరొకటి వచ్చింది. అందులో షికాగో నగరం ఒడ్డున ఉన్న మీగ్స్ అనే చిన్న విమానాశ్రయం నుంచి సెస్నా 182 విమానంలో బయలుదేరేవారు. 2003లో ఆ నగర పాలకులు రాత్రికి రాత్రి రన్‌వేను తవ్వించి మూసివేశారు. పాత ప్రోగ్రాములలో మాత్రం ఆ విమానాశ్రయం ఇంకా నిలిచే ఉన్నది.

అసలు చరిత్ర ఇక్కడి నుంచి మొదలవుతుంది. కంపెనీ వారు ఇచ్చినవి నాలుగైదు విమానాలు, కొద్ది ఊళ్ళు. కొన్నవారికి అవి చాలలేదు. ఎవరి ఊరు వారికి కావాలి, తాము చూసిన విమానం కావాలి. 1990లో విమానాలను, నేలను మార్చుకోవడానికి మైక్రోసాఫ్ట్ వారే ఒక సాధనం విడుదల చేశారు. తర్వాత వచ్చిన వెర్షన్లలో విమానం బరువు, రెక్కల కొలతలు, చక్రాలు నేలను తాకే చోట్లు ఒక మామూలు ఫైలులో అంకెలుగా ఉండేవి. మన ఎస్టిమేటు కాగితం వంటిదే. అది చదవగలిగిన వారు దిద్దగలిగేవారు. ఇలా బయటివారు చేసి చేర్చే విమానాలకు యాడ్-ఆన్ అని పేరు. ఉపాధ్యాయులు, మెకానిక్కులు, రిటైరైన పైలట్లు పైసా ఆశించకుండా వీటిని చేసి పంచారు. 1997లో మొదటిసారి వెలువడిన ఫ్లైట్‌గేర్ అనే ప్రోగ్రామ్ పూర్తిగా ఉచితం, అందులో ప్రతి అంకె ఎవరైనా దిద్దవచ్చు. మా ఇంట్లో ఉన్నది అదే.

మనుమడు నడుపుతున్నది సెస్నా 152 యాడ్-ఆన్. మన ఫ్లయింగ్ క్లబ్బులలో ఒకప్పుడు తిరిగిన పుష్పక్ లాగా రెండు సీట్ల విమానం. అసలు విమానానికి 110 హార్స్‌పవర్ ఇంజను, గరిష్ఠ బరువు 757 కిలోలు. సముద్రమట్టం వద్ద నిమిషానికి సుమారు 700 అడుగులు పైకి ఎక్కుతుందని దాని పుస్తకం. మావాడిది 1,000 అడుగులు దాటి ఎక్కుతున్నది. "మస్తుగ ఎక్కుతది తాతా!" అని వాడి సంతోషం. నాకు అనుమానం వచ్చింది. ఫైలు తెరిపించి వరుసగా చదివించాను. ఖాళీ విమానం బరువున్నది, పెట్రోలు బరువున్నది, కూర్చునే ఇద్దరు మనుషుల బరువు లేదు! ఇద్దరికీ కలిపి 154 కిలోలు వ్రాయించాను. ఎక్కుడు 800 లోపుకు దిగింది. తర్వాత మన మే నెల ఎండ, 43 డిగ్రీలు పెట్టి చూడమన్నాను. వేడికి గాలి పలుచనై రెక్కకు, ఇంజనుకు రెండింటికీ బలం తగ్గింది. విమానం నింపాదిగా, ఆయాసపడుతూ ఎక్కింది. మావాడి ముఖం చిన్నబోయింది.

వాడికి అప్పుడు నా తప్పు ఒకటి చెప్పాను. సర్వీసులో చేరిన కొత్తలో ఒక పిల్ల కాలువకు లెవెల్స్ తీస్తూ, బుక్కులో 3 అని ఉండవలసిన చోట 8 వ్రాశాను. ఎవరూ చూడలేదు. కాలువ తవ్వారు, నీరు వదిలారు. చివరి పొలాలకు నీరు చేరలేదు. ఒక ముసలి రైతు వచ్చి, "నీళ్ళకు బుక్కు చదవరాదు సారూ" అన్నాడు. మరుసటి వేసవిలో సరిచేశాము గాని, ఆ కారు పంట అతనికి పోయింది. ఆ మాట నేటికీ నా చెవిలో ఉన్నది.

గాలికీ బుక్కు చదవరాదు. సాగర్ వద్ద విజయపురి సౌత్‌లో ఒక ఎయిర్‌స్ట్రిప్ ఉన్నది. పైలట్ శిక్షణ విమానాలు అక్కడి నుంచి ఎగిరేవి. 2022 ఫిబ్రవరి 26న అటువంటి సెస్నా 152 ఒకటి పెద్దవూర మండలం తుంగతుర్తి వద్ద పొలాలలో కూలి, ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థిని మరణించింది. మన మనుమరాళ్ళ ఈడు పిల్ల. కారణాల జోలికి నేను పోవడం లేదు. కంప్యూటర్‌లో కూలితే మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టవచ్చు, పొలంలో ఆ వీలు లేదు. అందుకే ఇంట్లోని విమానం అయినా అంకెలు సరిగా ఉండాలని మావాడితో అన్నాను. పైలట్ కావాలని వాడి కోరిక. తప్పు విమానం మీద అలవాటైన చేయి రేపు అసలు దాని మీద మోసపోకూడదు కదా.

దిద్దిన విమానంలో సాగర్ నుంచి బయలుదేరాము. మిర్యాలగూడ 45 కిలోమీటర్లు, అక్కడి నుంచి సూర్యాపేట 30, సూర్యాపేట నుంచి కోదాడ 40. మొత్తం ముప్పావు గంట ప్రయాణం. కృష్ణ కనిపించింది, హైదరాబాదు–విజయవాడ రోడ్డు కనిపించింది. "తాతా, నువ్వు పని చేసిన కాలువ ఏడుంది?" అని అడిగాడు. లేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు నీరు వదిలిన కాలువ, లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టుకున్న కాలువ మా కంప్యూటర్‌లోని నేల మీద లేదు. ఎవరో దూరదేశం వారు చేసిన పటం అది. వారికి తెలియదు, తెలిసిన మనం చెప్పలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వాడు ఫోనులో అడుగుతుంటాడు, నేను చెబుతుంటాను, కాలువ గీత కొద్దికొద్దిగా సాగుతున్నది. మిర్యాలగూడ దాటించాము. హుజూర్‌నగర్ వైపు నా జ్ఞాపకం కొంత తడబడుతున్నది. ఆ సెక్షన్లలో పని చేసిన మిత్రులు సంఘ సమావేశానికి వచ్చినప్పుడు నా పక్కన ఒక పది నిమిషాలు కూర్చోవలసిందిగా కోరుతున్నాను. పాత నోటు పుస్తకాలుంటే వెంట తేగలరు.