పిత్తకోశ శస్త్రచికిత్సకు తగిన కాలము

పచ్చకామెర్లు దిగినంతనే రోగము పోయినదనుకొనుట మా చందర్లపాటి వాడుక. నేనును అట్లే యనుకొంటిని. పిత్తవాహికలో జిక్కిన రాతిని వైద్యులు నోటివెంట గొట్టము పంపి తీసివేసిరి. కాలేయము క్రింద పిత్తరసము నిలుచు తిత్తిని, అనగా పిత్తకోశమును గూడ వెంటనే తీయించుకొమ్మనిరి. నేను పంచాంగము విప్పి, శుక్రమూఢము వెళ్లనిమ్మని యింటికి వచ్చితిని.

ఈ శస్త్రమును 1882 జూలై 15వ తేదీని బెర్లిను నగరమున కార్ల్ లాంగెన్‌బుహ్ మొట్టమొదట చేసెను. అంతకు మున్ను తిత్తిని కోసి, రాళ్ల నేరి, తిత్తిని విడిచెడివారు. రాళ్లు మరల పుట్టెడివి. తిత్తియే రాళ్లకు గని యని యతడు గ్రహించెను. మన సుశ్రుతుడు వర్ణించిన అశ్మరీశస్త్రము మూత్రాశయమునకు సంబంధించినది. దానిని దీనికి అన్వయించి తరగతిలో గర్వముగా బోధించిన పొరపాటు నాకును గలదు.

1968లో అమెరికాలో మెక్యూన్ అను వైద్యుడు అంతర్దర్శినితో పిత్తవాహికా ముఖమున గొట్టము జొప్పించెను. 1974లో జర్మనీవారును జపానువారును ఆ ముఖమును చీల్చు విధమును ప్రకటించిరి. మన హైదరాబాదులో ఈ విద్యను వ్యాపింపజేసినవారిలో డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు ప్రముఖులు, 2025లో వారికి పద్మవిభూషణ బిరుదము లభించినది.

దీనితో పాతప్రశ్నయే క్రొత్తరూపమున లేచినది. వాహిక శుద్ధమైన పిదప తిత్తి నుంచవచ్చునా? తీయవలెనన్న నెప్పుడు? నెదర్లాండ్సు వైద్యులు 120 మందిపై జరిపిన పరిశోధనము 2002లో వెలువడెను. తిత్తి నుంచుకొని వేచిచూచినవారిలో నూటికి 47 మందికి బాధ తిరుగబెట్టెను. తీయించుకొన్నవారిలో నూటికి ఇద్దరికే. 2010లో ఆ దేశమువారే మరి 96 మంది ఫలితములను ప్రకటించిరి. కొందరికి 72 గంటలలోపలను, కొందరికి ఆరెనిమిది వారములకును శస్త్రము నిర్ణయించిరి. ఆలస్యపువారిలో నూటికి 36 మందికి ఆ నడిమికాలముననే ఉపద్రవము కలిగెను, త్వరపడినవారిలో ఒక్కరికే. క్లోమము తీవ్రముగా వాచినవారి సంగతి వేరు. వారు వాపు తగ్గువరకు ఆగవలసియుండును.

ఈ లెక్కలు నేను పిమ్మట చదివినవి. మూఢ మింకను వెళ్లలేదు. ఐదవ వారమున నొకరాత్రి డొక్కలో శూల లేచెను. బండి నందిగామ చేరునప్పటికి చలిజ్వరము గూడ తగిలినది. గొట్టము రెండవమారు మ్రింగితిని. ఈసారి ఆసుపత్రి విడువకమునుపే తిత్తిని తీయించుకొంటిని. ఆ దినమున తిథి యేదో నేను చూడలేదు.