సిరా గీతయు విలాపమును: రాబర్ట్ మదర్‌వెల్ అమూర్తచిత్రములు

సిరాతో గీచిన గీతను దిద్దుట దుష్కరము. కాగితముపై బడిన క్షణముననే యది స్థిరపడును. 1950ల పిమ్మట చిత్రకారులలో వ్యాప్తి నొందిన ఆక్రిలిక్ రంగు అట్టిది కాదు. అది త్వరగా ఆరును. పొరపై పొర వేసి మార్చుటకు వీలొసగును. క్షణికావేశమున బుట్టిన సిరారూపమును పెద్ద పటముపై మరల మరల చిత్రించినచో, ఆ యావేశము నిలుచునా? అమెరికా చిత్రకారుడైన రాబర్ట్ మదర్‌వెల్ (1915–1991) కృషి ఈ ప్రశ్నకు సమాధాన మీయగలదు.

1948లో అతడు హెరాల్డ్ రోజెన్‌బర్గ్ కవితకు తోడుగా, 'పాసిబిలిటీస్' పత్రిక రెండవ సంచికకై నల్లసిరాతో నొక చిత్రము గీసెను. దాని యెత్తు 11 అంగుళములకు మించదు. ఆ సంచిక వెలువడలేదు. చిత్రము మూలబడెను. మరుసటి యేడు అది కంటబడగా, అందలి నిలువు పట్టెలను, వాని నడుమ నొదిగిన అండాకారములను గైకొని వేరొక చిత్రమును రచించెను. దాని పేరును 1936లో హత్యకు గురియైన స్పానిష్ కవి లోర్కా విలాపకావ్యమునుండి గ్రహించెను. ఆ రూపమే 1939లో కూలిన స్పెయిన్ గణతంత్రమునకు విలాపముగా, నూటికి పైగా చిత్రములై విస్తరిల్లెను. 1971 నాటి 110వ చిత్రము ఆక్రిలిక్‌తో వేయబడినది. దాని వెడల్పు 9 అడుగులు దాటును.

ఒకే రూపమును నలుబది యేండ్లు చిత్రించుట కేవలము అభ్యాసబలము కాదా యని శంకింపవచ్చును. 1965 నాటి యత్నము ఈ శంకను దీర్చును. ఆ యేడు అతడు జపాను కాగితముపై, దిద్దుబాటు కూడదను నియమముతో, వేయి సిరాచిత్రములు వేయ సంకల్పించెను. ఐదువందలకు పైగా పూర్తియైన తరుణమున, మే 23న మిత్రుడును శిల్పియునగు డేవిడ్ స్మిత్ మోటారు ప్రమాదమున మరణించెను. ఆ వరుస యంతటితో నాగెను. విలాపచిత్రములు మాత్రము జీవితాంతము కొనసాగినవి.

మన యాలంకారికుల పరిభాషలో జెప్పవలెనన్న, ఆ సిరాచిత్రములు సంచారిభావముల వంటివి. పుట్టి, మెరసి, మాయమగును. శోకము స్థాయిభావము; విభావానుభావ సంచారిభావముల సంయోగముచేత నది కరుణరసముగా పరిణమించును. కావున మదర్‌వెల్ చేసిన పునరుక్తి దోషము కాదు. విలాపమునకు అదియే సహజధర్మము. ఆక్రిలిక్ అతనికి పరిమాణము నొసగెను. ఆ పరిమాణమున నిలిచిన నలుపు మాత్రము ఆ చిన్న కాగితమునందలి సిరాదే.