వేరు పట్టేదాకా నీడ

భర్తృహరి చెప్పిన బట్టతలవాడి కథ మనలో చాలామందికి బళ్ళోనే పరిచయం, ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యం ద్వారా. ఎండకి మాడు కాలిపోతుంటే ఒకడు పరుగున పోయి తాడిచెట్టు నీడలో నిలబడతాడు. పైనుంచి తాటిపండు పడి తల పగులుతుంది. దైవం చాలనివాడు ఎక్కడికి పోయినా ఆపద వెంటే వస్తుందని నీతి. క్లాసులో అందరూ నవ్వేది పండు పడ్డప్పుడే. ఇప్పుడు ఆ పద్యం గుర్తొస్తే నేను పండుదాకా వెళ్ళను, ఎండ దగ్గరే ఆగిపోతాను. విధి సంగతి తర్వాత. ముందు ఆ మనిషికి నీడ కావాలి, అందుకే పరుగెత్తాడు.

జుట్టంటే మనకి అందమే గుర్తొస్తుంది. కానీ నిటారుగా నడిచే జంతువుకి మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలేది నడినెత్తి మీదే. జుట్టు ముందు గొడుగు, ఆ తర్వాతే సింగారం. ఆ గొడుగు చాలని చోట మనవాళ్ళు రెండోది వేసుకున్నారు. పొలానికి పోయేవాడు తలగుడ్డ చుట్టాడు. వానకీ ఎండకీ తాటాకు గొడుగు పట్టాడు. తిరుమలలో గుండు చేయించుకున్నవాళ్ళు తలకి చల్లగా గంధం రాసుకుంటారు. ఉన్న జుట్టు ఒక్కసారిగా పోతే తలకి ఏదో ఒకటి కప్పాలన్న ఎరుక ఇందులో ఉంది.

పోయిన జుట్టుని మళ్ళీ నాటడం మాత్రం చాలా ఇటీవలి సంగతి. 1939లో షోజి ఒకుడా అనే జపాన్ చర్మవైద్యుడు జుట్టున్న చోటు నుంచి చిన్న చిన్న గుండ్రటి చర్మపు ముక్కలు తీసి, జుట్టు లేని చోట అమర్చే పద్ధతి ప్రకటించాడు. ఆయన దృష్టి బట్టతల మీద లేదు, కాలిన గాయాలూ మచ్చలూ ఉన్నవాళ్ళ మీద ఉంది. 1943లో హజిమె తమూరా ఇంకా సన్నటి ముక్కలతో పనిచేశాడు. ఇద్దరూ రాసింది జపనీస్‌లో. చుట్టూ యుద్ధం. వాళ్ళ పని చాలా ఏళ్ళ పాటు పాశ్చాత్య వైద్యుల కంట పడలేదు. 1952లో న్యూయార్క్‌లో నార్మన్ ఒరెంట్రైక్ మగవాళ్ళ బట్టతలకి ఈ చికిత్స మొదలుపెట్టి, 1959లో ఫలితాలు ప్రచురించాడు. వెనక తలలో పెరిగిన వెంట్రుకని ముందు నాటినా అది వెనకటి గుణంతోనే పెరుగుతుందని ఆయన చూపించాడు. నారుమడి మారినా వరి వంగడం మారదు కదా, అలాగన్నమాట.

సరిగ్గా ఆ యుద్ధంలోనే రెండో చరిత్ర కూడా నడిచింది. కంటికి కనబడని అతినీలలోహిత కిరణాల్ని యోహాన్ రిట్టర్ 1801లోనే గుర్తించాడు. 1930ల్లో యూజీన్ షూలర్ ఎండకి రాసుకునే నూనె అమ్మకానికి తెచ్చాడు. ఆయన లోరియాల్ స్థాపకుడు, వ్యాపారం మొదలుపెట్టింది జుట్టు రంగుతో. ఇక పసిఫిక్ సముద్రం మీద పోరాడిన అమెరికన్ సైనికులకి ఎండ కూడా ఒక శత్రువే. వాళ్ళకిచ్చిన మందు రెడ్ వెటరినరీ పెట్రోలేటమ్, అంటే పశువుల వైద్యంలో వాడే ఎర్రటి జిడ్డు పదార్థం. దాన్ని మామూలు మనుషులు రాసుకోగలిగేలా మార్చే ప్రయత్నం చేసినవాళ్ళలో మయామీ ఫార్మసిస్టు బెంజమిన్ గ్రీన్ ఒకడు. 1944 ప్రాంతంలో వంటింటి పొయ్యి మీద మరిగించిన మిశ్రమాన్ని ముందు తన బట్టతల మీదే రాసుకుని చూశాడని కథగా చెప్పుకుంటారు. కోపర్‌టోన్ అలా పుట్టింది.

నాకు ఇక్కడ ఆశ్చర్యం వేస్తుంది. ఒకే సముద్రానికి ఆ ఒడ్డున తలమీద జుట్టు నాటే విద్య యుద్ధంలో మరుగున పడింది. ఈ ఒడ్డున తలని ఎండ నుంచి కాపాడే విద్య అదే యుద్ధం వల్ల బయటికొచ్చింది. ఇవాళ ఈ రెండూ కలుసుకునేది ఆపరేషన్ అయ్యాక చేతికిచ్చే సూచనల కాగితంలో.

ఆ కాగితంలో ఎండ గురించి రాసే మాటకి కారణాలున్నాయి. నాటిన కుదుళ్ళు గట్టిపడటానికి సుమారు 10 రోజులు పడుతుంది. అప్పటిదాకా వాటిని ఏదీ ఒరుసుకోకూడదు. పచ్చి గాయం కాబట్టి సన్‌స్క్రీన్ రాయకూడదు. బిగుతు టోపీ పెట్టకూడదు. అంటే మొదటి రోజుల్లో ఉన్న ఒకే ఒక మందు నీడ. పైగా సన్నటి నరాలు తెగడం వల్ల నెత్తి కొన్నాళ్ళు తిమ్మిరిగా ఉంటుంది, కాలుతున్నా తెలియదు. మానుతున్న చర్మానికి ఎండ తగిలితే, ముఖ్యంగా మన చాయ ఉన్నవాళ్ళకి, నల్ల మచ్చలు ఉండిపోవచ్చు. అసలు తమాషా తర్వాత ఉంది. నాటిన వెంట్రుకలు మొదటి రెండు నెలల్లో చాలావరకు రాలిపోతాయి. కుదురు మాత్రం లోపల ఉంటుంది. కొత్త మొలక రావడానికి మూడు నాలుగు నెలలు, పూర్తి ఫలితానికి ఏడాది. మార్చిలో నాటించుకున్నవాడికి మే నెల ఎండల్లో తలమీద ఏమీ ఉండదన్నమాట. గాయం మానాక డాక్టరు సరేనంటే వదులు టోపీ, ఆపైన సన్‌స్క్రీన్. నెలల తరబడి జాగ్రత్త తప్పదు.

మా పిన్ని కొడుక్కి 27 ఏళ్ళు. హైదరాబాదులో బండి మీద పార్సిళ్ళు అందిస్తాడు. రెండు సంబంధాలు తప్పిపోయాక వాయిదాల మీద నాటించుకున్నాడు. కాగితం నాకు చూపించి, "ఎండలోకి పోవద్దంట అన్నా. మరి గొడుగేసుకుని బండి నడపనా?" అన్నాడు. హెల్మెట్ కుదుళ్ళని ఒరుసుకుంటుంది. హెల్మెట్ లేకపోతే చలానా, అంతకన్నా ముందు ప్రాణం. పని మానేస్తే వాయిదా కట్టేదెలా? 12 రోజులు జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. ఆ తర్వాత వేసవి పోయేదాకా పొద్దుగూకాక వచ్చే ఆర్డర్లే తీసుకున్నాడు. సంపాదన తగ్గింది. జుట్టు వచ్చింది.

ఒరెంట్రైక్ నాటిన ముక్కలు సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పు. అందుకే ఆ రోజుల్లో చేయించుకున్నవాళ్ళ తలలు బొమ్మ జుట్టులా కుచ్చులు కుచ్చులుగా ఉండేవి. ఇప్పుడు ఒక్కో కుదురుని విడిగా తీసే పరికరం దాదాపు 1 మిల్లీమీటరుకి వచ్చింది. మచ్చ చిన్నదైంది, నొప్పి తగ్గింది. ధర కూడా దిగి, వాయిదాల్లో కట్టుకునే కుర్రాళ్ళ దాకా వచ్చింది. వేరు పట్టేదాకా కావలసిన నీడ మాత్రం ఎప్పటిలాగే కావాలి. ఒకుడా దగ్గర్నుంచి ఇప్పటిదాకా పరికరం గురించి ఎన్నో పేజీలు రాశారు. నీడకి మాత్రం కాగితంలో ఒక్క వాక్యం దక్కుతుంది. కూర్చుని పనిచేసేవాడికి ఆ వాక్యం సలహా. బండి నడిపేవాడికి మాత్రం అది ఖర్చు, ఆపరేషన్ బిల్లులో రాయని ఖర్చు.