స్విచ్చి పంపు హెచ్చరికలు

కళాశాలలలోను కార్యాలయములలోను కంప్యూటర్ల తీగలన్నియు ఒక చిన్న పెట్టెలో వచ్చి కూడును. దానినే నెట్‌వర్కు స్విచ్చి అందురు. ఇది దీపమును వెలిగించి ఆర్పు స్విచ్చి కాదు. ఒక కంప్యూటరు పంపిన సమాచారమును, దాని విలాసము చూచి, చేరవలసిన తీగలోనికే పంపుట దీని పని. 1990లో అమెరికాలోని కల్పన అను సంస్థ ఇట్టి పెట్టెను మొదట విక్రయించెను. ఆ సంస్థ స్థాపకులలో భారతీయ సంతతివాడైన వినోద్ భరద్వాజ్ ఒకరు. ఆ పెట్టెకు ఏడు ద్వారములే ఉండెను.

నేడు ఒక పెద్ద సంస్థలో ఇట్టి పెట్టెలు వందలకొలదిగా వేర్వేరు భవనములలో ఉండును. ఎక్కడనో ఒక తీగ తెగినచో, కేంద్రములో కూర్చున్న ఉద్యోగికి ఆ సంగతి ఎట్లు తెలియును? స్విచ్చియే కబురు పంపవలెను. అయితే ఏ సంగతికి పంపవలెను, ఎన్నిసార్లు పంపవలెను అనునది చిక్కు ప్రశ్న.

ఈ ప్రశ్న స్విచ్చికంటె పాతది. 1969లో అమెరికాలో ఆర్పానెట్ అను నెట్‌వర్కు ఆరంభమైనది. కొలది కాలములోనే దాని కూడళ్లలోని యంత్రములు, సుమారు నిమిషమున కొకసారి, కేంబ్రిడ్జి పట్టణములోని నియంత్రణ కేంద్రమునకు తమ స్థితిని నివేదించుట మొదలిడినవి. ఏ యంత్రమునుండి నివేదిక రాదో, ఆ యంత్రమునకో దాని తీగకో లోపము కలిగినదని అచటివారు గ్రహించెడివారు. మౌనమే అక్కడ హెచ్చరిక.

ఆ యంత్రములు తమ తీగల స్థితిని ఒకదానికొకటి కూడ తెలుపుకొనెడివి. ఏది కొత్త వార్తయో తెలియుటకు ప్రతి సందేశమునకు 0 నుండి 63 వరకు ఒక వరుస సంఖ్య ఉండెను. గడియారములో 12 తరువాత 1 వచ్చునట్లు, 63 తరువాత మరల 0 వచ్చును. 1980 అక్టోబరు 27న ఒక లోపమువలన కొన్ని బిట్లు జారిపోయి, ఒకే యంత్రము పేర 8, 40, 44 అను సంఖ్యలుగల మూడు సందేశములు బయలుదేరినవి. ఈ లెక్క ప్రకారము 8 కంటె 40, 40 కంటె 44, 44 కంటె మరల 8 కొత్తవి! యంత్రములన్నియు వానినే స్వీకరించుచు, పంపుచు, ఇతర పనులకు తీరిక లేక చిక్కుపడినవి. కొన్ని గంటలసేపు నెట్‌వర్కు స్తంభించెను. స్థితిని తెలుపు వార్తలే నెట్‌వర్కును ముంచివేయగలవని ఆనాడు తేలినది.

1988 ఆగస్టులో కేస్, ఫెడోర్, షాఫ్‌స్టాల్, డావిన్ అను నలుగురు ఎస్.ఎన్.ఎమ్.పి. అను నియమావళిని ప్రకటించిరి. ఇందులో కేంద్రము ప్రశ్నించగా యంత్రము జవాబిచ్చుట ముఖ్య మార్గము. అడుగకయే యంత్రము పంపు కబురు రెండవ మార్గము. దీనికి ట్రాప్ అని పేరు. తీగ సంబంధము తెగుట, తిరిగి కలియుట, యంత్రము మరల ప్రారంభమగుట మొదలైన ఆరు సామాన్య సంఘటనలనే వారు పేర్కొని, ప్రత్యేక సంఘటనలను తయారీదారులకు వదలిరి. కబురు క్లుప్తముగా ఉండవలెను. అది అందిన పిదప వివరములను కేంద్రమే అడిగి తెలిసికొనవలెను. ఇదియే వారి ఉద్దేశము.

ట్రాప్ పోస్టుకార్డు వంటిది. చేరినట్లు రశీదు రాదు. 1993లో వెలువడిన రెండవ రూపములో రశీదు కోరు కబురును చేర్చిరి. రశీదు రానిచో పంపినవారు మరల పంపవచ్చును.

ఇంకొక చిక్కు కలదు. వదులుగానున్న ఒక తీగ క్షణమునకొకసారి తెగి కలియుచున్నదనుకొనుడు. క్షణమునకు రెండు కబుర్ల చొప్పున గంటకు 7,200 కబుర్లగును! 1991లో ఐ.బి.ఎమ్. సంస్థకు చెందిన స్టైన్‌బర్గ్ దీనికి రెండు ఉపాయములు సూచించెను. నిర్ణీత కాలములో కబుర్లు పరిమితిని మించినచో, యంత్రము ఆ సంగతిని ఒక్కసారి తెలిపి, కేంద్రము మరల అనుమతించువరకు ఊరకుండుట మొదటిది. కబుర్లను యంత్రములోనే వ్రాసి ఉంచగా, కేంద్రము తీరికగా అడిగి తీసికొనుట రెండవది.

హెచ్చరికలన్నియు సమానము కావు. 1980 దశకములో ఎరిక్ ఆల్‌మన్ ఆరంభించిన సిస్‌లాగ్ అను పద్ధతిలో తీవ్రతను 0 నుండి 7 వరకు ఎనిమిది తరగతులుగా విభజించిరి. ఇందులో 0 మహా ప్రమాదము. 7 కేవలము పరీక్షా వివరము.

నేటి స్విచ్చిలలో ఈ పద్ధతులు కలవు గాని, వానిని అమర్చుటలో వివేకము మనదే. సాయంకాలము విద్యార్థులు కంప్యూటర్లను ఆర్పి వెళ్లునప్పుడు ప్రతి ద్వారమును “తీగ తెగినది” అని మొరపెట్టినచో, ఉద్యోగి కొలది దినములలోనే ఆ కబుర్లను చూచుట మానివేయును. ఆ రాత్రి రెండు భవనములను కలుపు తీగ నిజముగా తెగినను గమనింపడు. ఇది “నాన్నా పులి” కథయే. కనుక కంప్యూటర్ల ద్వారములకు కబుర్లు ఆపి, స్విచ్చిలను కలుపు ద్వారములకు ఉంచుట మేలు.

పాఠశాలలో స్విచ్చి ఉన్నచో ఉపాధ్యాయులు ఒక తీగను ఊడదీసి, ఆ ద్వారపు చిన్న దీపము ఆరుటను విద్యార్థులకు చూపవచ్చును. పిమ్మట ఒక్కొక్క తీగను చూపుచు, “ఇది తెగినచో ఎవరికైన కబురు పంపవలెనా? ఎందుకు?” అని అడుగవలెను.