ఒక తీగ, పెక్కు వార్తలు – ముందెవరికి?

దారి ఇరుకైనప్పుడు ముందు సాగవలసినవారెవరు, తొలగి నిలువవలసినవారెవరు అను ప్రశ్న బండ్లబాటల నాటిది. పందొమ్మిదవ శతాబ్దమున అదియే తంతి తీగ మీదికి ఎక్కెను. తీగ ఒకటి, వార్తలు పెక్కు. ఈ చిక్కును మనుష్యుడు రెండు విధముల ఎదుర్కొనెను. యంత్రము చేత తీగను పంచుకొనుట ఒకటి. నిబంధన చేత వరుసను నిర్ణయించుట రెండవది.

1865 మే 17న పారిస్ నగరమున 20 రాజ్యములు చేసికొనిన అంతర్జాతీయ తంతి ఒడంబడిక ఈ వరుసను స్పష్టపరచెను. ముందు ప్రభుత్వ వార్తలు, పిదప తంతి శాఖ తన పనికై పంపుకొను వార్తలు, అటుపిమ్మట ప్రజల వార్తలు. విషయము ప్రాణమునకు సంబంధించినదైనను, పంపినవాడు సామాన్యుడైనచో మూడవ వరుసయే. 1855లోనే ప్రజలకు తంతిని తెరచిన భారతదేశము 1869లో ఈ సంఘమున చేరెను. కాలక్రమమున ఇచట 'ఎక్స్‌ప్రెస్', 'ఆర్డినరీ' అను తరగతులేర్పడి, హెచ్చు రుసుము చెల్లించినవాని వార్త ముందు నడచెను. అధికారము తరువాతి స్థానము ద్రవ్యమునకు దక్కినదన్నమాట.

తీగను పంచు విద్యయు ఈ కాలముననే పెరిగెను. ఫ్రెంచి తంతి ఉద్యోగి ఎమిల్ బోదో 1874లో తన యంత్రమునకు పేటెంటు పొందెను. అందు తిరుగుచుండు పంపిణీ సాధనము పలువురు ఉద్యోగులకు వంతులవారీగా తీగను అప్పగించును. వంతును తెలుపు చిన్న చప్పుడును అనుసరించి ఉద్యోగి ఐదు మీటలతో అక్షరమును పంపవలెను. ఇందొక లోపము కలదు. పంపుటకేమియు లేకున్నను ఎవని వంతు వానిదే. ఆ క్షణము వృథా.

1956లో అట్లాంటిక్ సముద్రము క్రింద తెరువబడిన తొలి టెలిఫోను కేబులు టాట్-1లో ఆరంభమున 36 మార్గములే ఉండెను. సంభాషణలో ఒకరు మాటలాడుచుండగా మరియొకరు వినుచుందురు గదా! ఆ మౌనమును కనిపెట్టి, ఖాళీయైన మార్గమును మాటలాడువారికి మరలించు 'టాసి' యంత్రమును 1960లో అమర్పగా, ఆ కేబులు దాదాపు రెండింతల సంభాషణలను మోయగలిగెను. మరీ ఎక్కువమంది ఒక్కసారి నోరు తెరచినచో మాత్రము కొందరి తొలి పలుకులు తెగిపోయెడివి.

మార్గమే తెగినచో ఏమగును? 1962 నాటి క్యూబా సంక్షోభము తరువాత, 1963లో వాషింగ్టను, మాస్కోల నడుమ ఏర్పడిన ప్రత్యేక తంతి మార్గము లండను, కోపెన్‌హాగెన్, స్టాక్‌హోమ్, హెల్సింకిల మీదుగా సాగెను. అది చెడినచో ఆదుకొనుటకు టాంజియరు మీదుగా రేడియో మార్గము సిద్ధపరచబడెను. నేటి గాజుతీగల వలయములలో ఈ మరలింపు యంత్రమే చేయును. దానికి ప్రమాణము 50 మిల్లీసెకన్లు. అక్కరలేని వేళ రెండవ మార్గమున తక్కువ ప్రాముఖ్యము గల వార్తలు పోవచ్చును. మొదటిది తెగినతోడనే అవి తప్పుకొని చోటీయవలెను.

తప్పుకొనవలసినదేదో యంత్రమునకు తనంత తాను తెలియదు. మనుష్యుడే ముందు చెప్పియుంచవలెను. ఆ చెప్పుటయందును మితము కావలెను. ప్రతి దస్త్రము మీదను 'అర్జెంటు' చీటీ అతికించినచో ఏదియు అర్జెంటు కాదని కార్యాలయములలో పనిచేయువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ నిర్ణయమున మనుష్యుడు మెల్లగనైనను ముందుకే నడచెను. 1906 నాటి బెర్లిన్ రేడియో ఒడంబడిక ఆపదలోనున్న ఓడల పిలుపునకు అన్నింటికన్న ముందు స్థానమొసగెను. 1992లో జెనీవాలో ఆమోదింపబడిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘ రాజ్యాంగము నేల, నీరు, ఆకాశము, అంతరిక్షములలో ప్రాణరక్షణ వార్తలకును, ప్రపంచ ఆరోగ్య సంస్థ పంపు అత్యవసరమైన అంటువ్యాధి వార్తలకును సంపూర్ణ ప్రాథమ్యమిచ్చి, ప్రభుత్వ వార్తలను వాని తరువాత నిలిపెను.

భారతదేశమున తంతి సేవ 2013 జూలైలో ముగిసెను. తీగలు మారినవి, యంత్రములు మారినవి. అయినను ఈ చరిత్రలో అన్నింటికన్న పెద్ద మార్పు, 1865లో రాజ్యము నిలిచిన మొదటి వరుసలో నేడు ప్రాణము నిలుచుటయే.